సొరుగుల పీట మహాత్మ్యం

నాకు ఏళ్ళ తరబడి ఒక అనుమానం ఉండేది. కొళాయి ఎప్పుడొస్తుందో కొళాయికే తెలియని మా ఊళ్ళో జనం వాషింగ్ మెషీన్లు ఎందుకు కొంటారు?

నవ్వకండి, ఇది చిన్న అనుమానం కాదు. పూజారిగారిని అడిగాను. ఆయన ఇంట్లో కూడా ఒకటి ఉంది కాబట్టి మాట దాటేశారు. మెషీన్ అమ్మిన షాపాయనను అడిగాను. ఆయన వారంటీ గురించి చెప్పాడు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి కూడా అడిగాను. అభిషేకానికే నీళ్ళ కరువు ఉన్నవాడు కాబట్టి, ఆ ప్రస్తావన ఎందుకులే అనుకున్నట్టున్నాడు.

ఈ ఏడాది జవాబు దొరికింది. వాషింగ్ మెషీన్ బట్టలుతకడానికి కాదు! దాని కింద చెక్క పీట చేయించుకోవడానికి! ఆ పీటకు సొరుగులు పెట్టించుకోవడానికి!

మెషీన్ ఒక నెపం మాత్రమే. పీటే అసలు వస్తువు. ఇది చదివాక మీ ఇంట్లో మెషీన్ లేకపోయినా ముందు పీట చేయించుకుంటారని నా నమ్మకం.

నేనెవరో చెప్పుకోవాలి కదా. నా పేరు కేశవులు. అనంతపురం జిల్లాలో ఒక చిన్న టౌనులో నాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. నీళ్ళు లేని ఊళ్ళో బిందెలు, బకెట్లు, గంగాళాలు అమ్మి బతుకుతున్నాను. ఎండ ముదిరినకొద్దీ బిందెలు ఎక్కువ పోతాయి. ఆ సంగతి దేవుడి ముందు నిలబడినప్పుడు కొంచెం సిగ్గుగా ఉంటుంది. చదువు పదో తరగతి. రోజూ స్నానం చేస్తాను, నీళ్ళుంటే. రోజూ దీపం పెడతాను, నీళ్ళు లేకపోయినా.

ముందు మెషీన్ కథ వినాలి. లేకపోతే పీట గొప్పతనం అర్థం కాదు.

మా అబ్బాయి కిరణ్ పెళ్ళికి ముందు, రాబోయే కోడలి చేత బట్టలుతికించారనే మాట పడకూడదని మెషీన్ తెచ్చాము. ముందు వైపు గుండ్రటి అద్దం తలుపు ఉండే రకం. ఇంటికి కొత్త వస్తువు వస్తే ముహూర్తం చూడకుండా వాడే అలవాటు నాకు లేదు. మిక్సీకి చూశాను. ఫ్యానుకి చూశాను. అంత పెద్ద మెషీన్‌కి చూడకుండా ఉంటానా? పూజారిగారు బుధవారం ఉదయం దివ్యంగా ఉందన్నారు. తిథి బాగుంది, నక్షత్రం బాగుంది, అదృష్టం కొద్దీ కరెంటు కూడా ఉంది. లేనిది ఒక్కటే. కొళాయి!

పంచాంగం రాసే పెద్దలకు ఇక్కడే ఒక మనవి. రాహుకాలం, వర్జ్యం పక్కన కొళాయి కాలం అని ఒక గడి పెట్టండి. మా జిల్లాలో ఎన్ని శుభకార్యాలు నిలబడతాయో మీరే చూస్తారు.

ముహూర్తం దాటిపోతోంది. మా తొట్టిలో అడుగున తడి తప్ప ఏమీ లేదు. అప్పుడు మా ఆవిడ శాంతమ్మ పక్కింటి నాగలక్ష్మమ్మ దగ్గరికి పరుగెత్తి రెండు బిందెల నీళ్ళు బదులు తెచ్చింది. మెషీన్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, నా కొత్త పంచె లోపల వేసి, సబ్బుపొడి పోసే చోట చెంబుతో నీళ్ళు పోశాము.

మెషీన్ రెండు బిందెలూ తాగింది. నాలుగు చుట్లు తిరిగింది. ఇంకా కావాలని కూత పెట్టింది. ఇవ్వకపోయేసరికి తలుపు గడియ వేసుకుని కూర్చుంది! నా పంచె, మళ్ళీ కొళాయి వచ్చేదాకా, ఆ అద్దంలోంచి నన్ను చూస్తూనే ఉంది.

చివరికి పంచె బయటికి వచ్చింది. నీళ్ళ బాకీ మాత్రం అట్లాగే ఉండిపోయింది.

రెండు బిందెలే కదా, మళ్ళీ కొళాయి వచ్చినప్పుడు తిరిగి ఇస్తే పోలేదా అంటారు మీరు. మా వీధి ధర్మం మీకు తెలియదు. చక్కెర బదులు తీసుకుంటే చక్కెర ఇస్తాము. కాఫీపొడి తీసుకుంటే కాఫీపొడి ఇస్తాము. నీళ్ళ లెక్క వేరు. శాంతమ్మ కొళాయి వచ్చిన రోజున రెండు బిందెలూ మోసుకుపోయింది. నాగలక్ష్మమ్మ తన వాకిట్లో అంచుదాకా నిండిన తొట్టి చూపించింది.

"ఏమ్మే శాంతమ్మా, నా తొట్టి పొర్లిపోతాంటే నీళ్ళు తెస్తివా? నేనిచ్చింది నీకు లేనప్పుడు. నువ్వు గూడా నాకు లేనప్పుడు ఇయ్యి."

మాట ధర్మంగానే ఉంది. కానీ ఆలోచించండి! రెండిళ్ళకూ ఒకటే పైపు. ఆమెకు నీళ్ళు లేని రోజు మాకూ ఉండవు. మాకు ఉన్న రోజు ఆమెకూ ఉంటాయి. ఇంత బిగువైన షరతు ఏ బ్యాంకైనా పెట్టిందా? వడ్డీ లేదు, గడువు లేదు, తీర్చే దారీ లేదు!

వడ్డీ లేదన్నాను కదా, అది పొరపాటు. వడ్డీ నోటితో వసూలు చేసేది.

"శాంతమ్మా, నా మిషన్ ఎట్లుండాది?" అని గోడ మీంచి పలకరింపు. "నా నీళ్ళు తాగి పుట్టిన బిడ్డ అది. బాగా చూసుకో!"

పేరంటంలో పదిమంది కూర్చున్న చోటా అదే మాట. అందరూ నవ్వేవారు. నాగలక్ష్మమ్మ చెడ్డ మనిషి కాదు, ఆమెకు అది సరదా. నేను కూడా నవ్వాను. శాంతమ్మ మాత్రం నవ్వలేదు.

మెషీన్ రాకముందు ఈ ఇద్దరూ పెరటిగోడ దగ్గర ఒకే బండ మీద బట్టలుతికేవాళ్ళు. ఒకరు జాడిస్తే ఒకరు పిండేవారు. బట్టలతో పాటు వీధిలోని సంసారాలన్నీ ఆ బండ మీద ఉతికి ఆరేశారు. మెషీన్ వచ్చాక బండ ఎండిపోయింది. శాంతమ్మ ఆ గడప తొక్కడం తగ్గించింది. తరువాత మానేసింది.

"రెండు బిందెల నీళ్ళకా ఇంత?" అని ఒకసారి అడిగాను.

"నీళ్ళు గాబట్టే," అంది. "దుడ్లయితే మీరు పారేసి వస్తురు. ఇది ఏమిచ్చి తీర్చేది?"

బిందెలు అమ్మేవాణ్ణి, అంగడి తాళాలు తీసుకుని బయలుదేరాను.

సంగతులు ఇట్లా ఉండగా మా ఇంట్లో పీట యుగం మొదలైంది.

మా కోడలు ఐశ్వర్య పుట్టపర్తి పిల్ల. వాళ్ళ నాయన అక్కడ లాడ్జి నడుపుతాడు. తిప్పగానే కొళాయిలో నీళ్ళు వచ్చే ఇంట్లో పెరిగింది కాబట్టి ఆమెకు లోకం మీద నమ్మకం ఎక్కువ. మెషీన్ ముందు కూలబడిన శాంతమ్మ మోకాళ్ళు పట్టుకుని లేవలేకపోవడం చూసి, ఒక రోజు ఫోన్ తెచ్చి నాకు వీడియో చూపించింది. ఏదో దేశంలో ఒక దొరసాని. తెల్లటి గది. మెషీన్ ఒక చెక్క పీట మీద రాజులా కూర్చుని ఉంది. ఆమె పీటకున్న సొరుగును ఒక్క వేలితో లాగింది. లోపల తువ్వాళ్ళు బొద్దుగా నిద్రపోతున్నాయి.

"అత్తకు వంగే పనే ఉండదు మామా. కింద స్టోరేజ్ గూడా వస్తాది."

స్టోరేజ్! ఆ మాట వినగానే నా ఒళ్ళు పులకరించింది. మనుషులకు ముక్తి ఎట్లాగో, ఇంట్లో సామాన్లకు స్టోరేజ్ అట్లాగ. ఎన్ని వస్తువులు చోటు దొరకక మంచాల కింద అల్లాడుతున్నాయి!

బయ్యన్నకు కబురు పెట్టాము. బెళుగుప్ప నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన వడ్రంగి ఆయన. మా బజారులో అంగడి బల్లలు, గల్లాపెట్టెలు చాలావరకు ఆయన చేతివే. నా బల్ల కూడా. ఐశ్వర్య ఆయనకు ఫోన్ చూపించింది. బయ్యన్న కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు.

"పైన ఏం పెడతారు?"

"మెషీన్ అన్నా."

"సొరుగుల్లో?"

"సామాన్లు."

"ఆ, తెలిసిందిలేమ్మా. అంగడి బల్లే గదా!"

అక్కడే ఆపవలసింది. కానీ ఆ సమయంలో నేను మెషీన్ ముఖం ఏ దిక్కుకు ఉండాలనే గంభీరమైన ఆలోచనలో ఉన్నాను. తూర్పుకు పెడితే బాత్రూము అడ్డం. ఉత్తరానికి పెడితే కుబేరుడికి ఎదురుగా మాసిన బట్టలు. చివరికి ఈశాన్యానికి కాస్త వాలుగా పెట్టాలని తేల్చాను.

కొంతకాలం మా వసారా నిండా రంపంపొట్టు, వేపచెక్క వాసన. ఒక ఉదయం పీట తయారైంది. గుడ్డ తీసి చూశాము. నా అంగడి బల్లే! నడుమెత్తు ఉంది. మూడు సొరుగులు, ఒక్కొక్కటి పప్పు మూట దించేంత లోతు. మధ్య సొరుగుకు తాళం. ఆ తాళం పైన, నాణేలు జారవిడవడానికి సన్నటి చీలిక!

"బయ్యన్నా, బట్టలుతికే మెషీన్ కింద గల్లాపెట్టె ఎందుకప్పా?"

"గల్లా లేకుండా బల్ల నేను యాడా చేయలేదు సావుకారూ. ఇంటికి మంచిది కాదు."

మంచిది కాదంటే నేను ఎదురు చెప్పను. ఆ ఒక్క మాటతో మా ఊళ్ళో ఎవరైనా నాకు ఏదైనా అమ్మవచ్చు.

నలుగురు మనుషులు మెషీన్‌ను లేపి పీట మీద ప్రతిష్ఠించారు. ఇప్పుడు దాని అద్దం తలుపు శాంతమ్మ రొమ్ముదాకా వచ్చింది. సబ్బుపొడి పోసే అర ఆమె తలకు పైన ఉంది. వంగే పని ఉండదన్న కోడలి మాట అక్షరాలా నిజమైంది. వంగే పని పోయి, ఎక్కే పని వచ్చింది! పీట ముందు ఇంకో పీట వేశాము. శాంతమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని, మూడో చేత్తో బట్టలు వేయాలి. దేవతలకు అన్ని చేతులు ఎందుకుంటాయో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇది లాభం కాదా? మోకాళ్ళ నొప్పి గురించి ఆమె మళ్ళీ మాట్లాడలేదు. మెడ నొప్పి గురించే మాట్లాడింది.

ఇంకొక లాభం, భక్తి. ఎత్తున కూర్చున్న ఆ గుండ్రటి ముఖానికి, మధ్యలో కుంకుమ బొట్టుకు, ఎదురుగా నిలబడితే చేతులు వాటంతటవే లేస్తాయి. పాలు పోసే మారెక్క మొదటి రోజు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నేను వద్దనలేదు.

ఇక సొరుగులు. పీట వచ్చిన వారంలోనే మూడూ నిండాయి. ఎడమది ఐశ్వర్యది. పాత చార్జర్లు, ఫోన్ డబ్బాలు, ఏ వస్తువుకో ఎవరికీ తెలియని వైర్లు. తాళం ఉన్న మధ్య సొరుగు శాంతమ్మది. అందులో ప్లాస్టిక్ కవర్లు. కవర్లకు తాళం ఎందుకని అడగకండి. మీ ఇంట్లో కూడా మంచి కవర్లు మాయమవుతూనే ఉంటాయి.

కుడివైపుది నాది. పాత క్యాలెండర్లలోని దేవుళ్ళు, శుభలేఖల మీది వినాయకులు, అగరువత్తి డబ్బాల మీది లక్ష్మీదేవులు. పారేస్తే పాపం. ఉంచితే చోటు లేదు. ఇన్నేళ్ళకు వారికి ఒక నిలయం దొరికిందని సంతోషించాను. అంతలోనే ఇంకొకటి తట్టింది. పైన మాసిన బట్టలు తిరుగుతుంటే కింద దేవుళ్ళా? వెంటనే వారందరినీ తీసి మెషీన్ పైన పేర్చాను.

మొదటిసారి మెషీన్ వేగంగా తిరిగినప్పుడు దేవుళ్ళు కదిలారు! ఇన్నేళ్ళ నా భక్తిలో దేవుడు కదలడం అదే మొదటిసారి. నేను చేతులు జోడించాను. వారు వరుసగా అంచుదాకా నడిచి వచ్చి, ఒక్కొక్కరే నా కాళ్ళ ముందు పడ్డారు. వారు నా కాళ్ళ ముందు పడటం సరైన పద్ధతి కాదు కాబట్టి, అందరినీ తిరిగి మంచం కిందికి పంపించాను.

సొరుగుల మహిమ ఇంకా గొప్పది. మెషీన్ ఊపు అందుకోగానే సొరుగులు వాటంతటవే బయటికి వచ్చాయి. ఎడమది తెరుచుకుంది. కుడిది తెరుచుకుంది. ఎడమది మూసుకుంది. ఎవరో కనిపించనివారు ఏదో వెతుక్కుంటున్నట్టుంది! పీట అంతా గిర్రుమంటూ ఈశాన్యం వదిలి దక్షిణానికి బయలుదేరింది. ఐశ్వర్య పరుగెత్తి స్విచ్ తీసింది.

బయ్యన్నను పిలిపించాము. ఆయన పీటను తట్టి చూసి, మెషీన్‌ను చూసి, మమ్మల్ని చూశాడు.

"బల్ల తప్పేం లేదు సావుకారూ. అంగడి బల్ల యాడన్నా నాట్యం చేస్తాదా? అది తిరుగుతాదని నాకెవరు చెప్పినారు? పైగా మీరు సొరుగుల్లో సరుకు పెట్టలేదు. కవర్లు పెడితిరి. ఖాళీ సొరుగు ఊగకుండా ఏం చేస్తాది? నింపండి. కొండ మాదిరి నిలబడతాది."

నింపాము. మొదట కందిపప్పు మూటలు పెట్టాము. మెషీన్ చెమ్మకు పప్పు మెత్తబడి, మా సాంబారుకు సబ్బు సువాసన వచ్చింది. తరువాత నా అంగడి నుంచి స్టీలు గిన్నెలు తెచ్చి నింపాము. మెషీన్ తిరిగితే ఊరేగింపు వస్తోందని వీధిలో వాళ్ళు బయటికి వచ్చి చూశారు.

అప్పుడు శాంతమ్మ అడిగింది: "బరువే గదా కావల్సింది?"

మూడు పెద్ద నీళ్ళ క్యాన్లు కడిగింది. కొళాయి వచ్చిన రోజు స్నానం చేసి, ముందుగా ఆ మూడూ నింపింది. కిరణ్ చేత ఒక్కో సొరుగులో ఒక్కటి దించింది. అవి అందులో అచ్చంగా పట్టాయి. మెషీన్ వేశాము. పీట కదల్లేదు, సొరుగు కదల్లేదు. బయ్యన్న చెప్పినట్టు కొండే!

ఇక్కడే సొరుగుల పీట అసలు మహిమ మొదలవుతుంది. దయచేసి శ్రద్ధగా చదవండి.

మా ఊళ్ళో నీళ్ళను నీళ్ళుగా దాచుకోవడం ఎవరి వల్లా కాదు. తొట్టిలో పెడితే ఎవరో ఒకరు ముంచుతారు. డ్రమ్ములో పెడితే మూత తీస్తారు. ఒక చెంబే కదా అని నేను, కాళ్ళకే కదా అని కిరణ్, మొహానికే కదా అని కోడలు. మళ్ళీ కొళాయి వచ్చేలోపల ఆ డ్రమ్ము తిరగేసి మొత్తితే గంట మోగినట్టు మోగుతుంది. కానీ అవే నీళ్ళకు బరువు అని పేరు పెట్టి సొరుగులో దించండి. ఎవరూ ముట్టరు!

ఒక రోజు తలకు నూనె రాసుకున్నాక చూస్తే తొట్టి ఖాళీ. జిడ్డు తలతో పీట దగ్గరికి వెళ్ళాను.

"యాడికి పోతాండారు?" అంది శాంతమ్మ.

"ఆ క్యాన్లో నీళ్ళు…"

"అవి నీళ్ళు కాదు. బరువు."

"ఒక్క బకెట్టే శాంతమ్మా."

"బరువు తీస్తే పీట కదుల్తాది. వద్దు."

ఆ రోజు నూనె తలతోనే అంగడికి వెళ్ళాను. మధ్య సొరుగు తాళంచెవి ఆమె కొంగుకు చేరింది. మిగిలిన రెండిటికీ ఆమె చూపే తాళం. కొళాయి వచ్చినప్పుడల్లా పాత నీళ్ళు ఇల్లు కడగడానికి తీసి, స్నానం చేసి వచ్చి కొత్త నీళ్ళు పట్టేది. బరువును కూడా ఇంత శుచిగా చూసుకునే ఇల్లాలు నాకు దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. అంతకుమించి నాకేమీ తట్టలేదు.

అంతలో నాగలక్ష్మమ్మ కూతురు సుష్మిత పెళ్ళి కుదిరింది. నాగలక్ష్మమ్మ పసుపు కుంకుమలు పళ్ళెంలో పెట్టుకుని స్వయంగా వచ్చి పిలిచింది. పిలుపులో కూడా ఊరుకోలేదు పాపం.

"అందరూ రావల్ల. మిషన్‌ను గూడా తోలుకొని రాండి, అది మా బిడ్డే గదా!"

శాంతమ్మ బొట్టు పెట్టించుకుని, "చూస్తాలేమ్మా," అంది. చూస్తాలే అంటే రానని అర్థం. నాగలక్ష్మమ్మకు అది తెలుసు. ఆమె మొహంలో నవ్వు కాసేపు అట్లాగే ఉండి, తరువాత పోయింది.

"పుట్టినప్పటి నుంచి ఎత్తుకుని తిరిగిన పిల్ల పెళ్ళికి పోవా?" అని అడిగాను.

"నీళ్ళు బాకీ ఉన్నదాన్ని, పిల్ల తలకు నూనె పెట్టి ఎట్ల నీళ్ళు పోసేది?" అంది.

పెళ్ళి దగ్గర పడింది. ఎక్కడో పైపు పగిలిందన్నారు. కొళాయి రాలేదు. పైపు అతికించారన్నారు. మోటారు కాలిందన్నారు. మోటారు తెచ్చారన్నారు. కరెంటు చాలదన్నారు. ఒక ట్యాంకరు వీధి మొదట్లో ఆగి, సగం బిందెలు నింపి, తలకాయలు పగిలేలోపల వెళ్ళిపోయింది. నీళ్ళ క్యాన్లు అమ్మే ప్లాంటు కూడా మూతబడింది. వీధిలో అందరి తొట్లూ ఎండిపోయాయి.

ఆ రోజుల్లో మా మెషీన్ ముందు కూర్చుని నేనొక పథకం తయారు చేశాను. పెద్దలెవరైనా చదువుతుంటే ఇది మీకోసమే. పైపుల మీద, మోటార్ల మీద ఊరికే ఎందుకు ఖర్చు? ఇంటింటికీ ఒక సొరుగుల పీట ఇవ్వండి! దాని మీద వాషింగ్ మెషీన్ పెట్టమనండి, తిప్పమనకండి. చెరువులకు కూడా అడుగున సొరుగులు పెట్టించండి. బయ్యన్న ఉన్నాడు, గల్లాలు కూడా పెడతాడు.

లేదా ఇంకొక చిన్న ఉపాయం ఉంది. నా మట్టిబుర్రకు తోచింది, తప్పైతే క్షమించండి. కొళాయిలో నీళ్ళు ఇచ్చి చూడండి. చెప్పిన రోజున, చెప్పిన వేళకు. అప్పుడు మాకు పీటలు అక్కరలేదు, బదుళ్ళు అక్కరలేదు, ఇరుగుపొరుగు మొహాలు చాటేసుకునే అవసరమూ ఉండదు. ఒక్క ఏడాది ఇచ్చి చూడండి. నా పీట నేను ఏ అంగడివాడికైనా ఇచ్చేస్తాను.

సుష్మితను పెళ్ళికూతుర్ని చేసే రోజు వచ్చింది. ఉదయం తొమ్మిది లోపల నలుగు పెట్టి మంగళస్నానం చేయించాలి. ముహూర్తం పెట్టింది అదే పూజారిగారు. కొళాయి గడి ఆయన పంచాంగంలో ఇంకా చేరలేదు.

తెల్లవారింది. శాంతమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. పెళ్ళింట్లో సన్నాయి లేకపోయినా నాగలక్ష్మమ్మ గొంతు ఉండాలి. అది లేదు. వాళ్ళాయన ఖాళీ క్యాన్లు స్కూటరుకు కట్టుకుని మూడోసారి బయటికి పోయి మళ్ళీ ఖాళీగానే వచ్చాడు. పేరంటాళ్ళు వాకిట్లో గుసగుసలాడుతున్నారు. ఎవరి ఇంట్లో ఉన్నాయని తెస్తారు?

మా ఇంటి వైపు కూడా ఎవరూ రాలేదు. అన్ని మాటలు అన్న తరువాత నాగలక్ష్మమ్మకు మా గడప గుర్తుకొచ్చినా కాలు కదలలేదేమో.

శాంతమ్మ కొంగు ముడి విప్పింది.

"ఇదో, రాండి. సొరుగు లాగండి."

"బరువు తీస్తే పీట కదులుతుంది కదా?" అన్నాను, ఇన్నాళ్ళ శిక్షణ కొద్దీ.

"కదల్నీ. ఈ బరువు నేను కాచింది పీట కోసమా?"

అప్పుడు తెలిసింది నాకు. అంతకాలం జిడ్డు తలతో తిరిగినవాడికి అప్పుడు తెలిసింది!

రెండు కొత్త బిందెలు నా అంగడి నుంచే తెప్పించింది. రెండు క్యాన్లు వాటిలోకి వంచింది. ఒక బిందె ఆమె నడుముకు ఎత్తుకుంది, ఆ మోకాళ్ళతోనే. ఇంకొకటి నా భుజానికి పెట్టింది. "చిందితే ఊరుకోను," అంది. వీధిలో నడిచి వెళ్తుంటే జనం మా మొహాలు చూడలేదు. బిందెలే చూశారు.

నాగలక్ష్మమ్మ పెరట్లో ఖాళీ గంగాళం ముందు కూర్చుని ఉంది. పక్కన నలుగుపిండి, నూనె, పసుపు అన్నీ ఉన్నాయి. పీట మీద పిల్ల తల వంచుకుని ఉంది. నాగలక్ష్మమ్మ తలెత్తి చూసింది.

"యాడివే ఇవి?"

"సొరుగులోవి."

"సొరుగులో నీళ్ళేందే! తెలివుండే మాట్లాడతాండావా?"

"'నాకు లేనప్పుడు ఇయ్యి' అంటివి గదా. ఈ పొద్దు నీకు లేవు." శాంతమ్మ బిందె వంచింది. "ఇంద. నీ రెండు బిందెలు."

నీళ్ళు గంగాళంలో పడుతున్న చప్పుడుకు పేరంటాళ్ళు వాకిట్లోంచి లేచి వచ్చారు. నాగలక్ష్మమ్మ లేచి నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తరువాత, మెల్లిగా:

"మీ ఇంట్లో ఉండాయా మరి?"

"ఉండాయిలే." శాంతమ్మ నావైపు తిరిగింది. "పోయి ఆ మూడోది గూడా తెచ్చేయండి."

"అదెందుకు?"

"వడ్డీ. నేను ఊరికే ఎవురి మాటలూ పడను."

ముందుగా నవ్వింది పీట మీది పిల్ల. తరువాత నాగలక్ష్మమ్మ. శాంతమ్మ నూనె గిన్నె అందుకుని పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. ఆమె కూడా నవ్వుతోందని నాకు వీపు చూసే తెలిసింది.

మూడో క్యాను ఇచ్చి నేను ఇంటికి వచ్చేసరికి ఐశ్వర్య పొయ్యి దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"మామా, కాఫీకి నీళ్ళు?"

సొరుగులు మూడూ లాగి చూపించాను.

గోడవతల నుంచి నాగలక్ష్మమ్మ గొంతు వీధంతా వినబడేలా లేచింది. "కేశవులన్నా! శాంతమ్మ కోసం కాచుకోవద్దు! మా బాకీ తీరిపాయ. పెండ్లి అయ్యేదాకా ఇంగ ఈడ్నే ఉంటాది!"

ఆ పొద్దు మా ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు. ఎవరూ మళ్ళీ అడగలేదు కూడా.